చింతపండుతో తోమిన గరిటె

మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో తిరిగే తెలుగావిడ ఈ షాంటిలీ ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే. ఇంకెవరైనా ఉంటే వచ్చి పరిచయం చేసుకోమనండి, మంచి కాఫీ ఇస్తాను. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్తే చాలు, పులిహోర వడ్డించుకుంటూ ఎవరో ఒకరు "ఏవండీ, లంకెబిందెలు దొరికాయా?" అంటారు. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత్తర్వాత ఒళ్ళు మండేది. ఇప్పుడైతే "దొరికాయండీ, దొరికితే మాత్రం మీకు చెప్తానా?" అని నా ప్లేట్ పట్టుకుని పక్కకి పోతాను.

నాకీ పిచ్చి అంటించింది నా చెవి దుద్దు. ఓ ఏడు కార్తీకమాసం వనభోజనాలు ఇక్కడి పార్కులో పెట్టుకున్నాం. ఉసిరిచెట్టు ఎక్కణ్ణుంచి తెస్తాం, ఓక్ చెట్టుకే దండం పెట్టుకుని తిన్నాం. ఆ హడావుడిలో దుద్దు గడ్డిలో పడిపోయింది. పెళ్ళిలో మా అమ్మ పెట్టినవి. అందరూ వంగి కాసేపు వెతికి, నడుములు పట్టుకుని, "పోన్లెండి, దిష్టి పోయిందనుకోండి" అని చల్లగా చెప్పి కార్లెక్కేశారు. అప్పుడు కనపడ్డాడు పార్కు అవతలి కొసన ఒక తెల్లాయన. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర పళ్ళెంలాంటిది. నేల మీద చీపురు ఆడించినట్టు ఆడిస్తూ నడుస్తున్నాడు. వెళ్ళి నా గోడు చెప్పుకున్నాను. ఆయన వచ్చి కాసేపు ఆ కర్ర ఆడించి, వంగి, దుద్దు తీసి నా అరచేతిలో పెట్టాడు. కాళ్ళ మీద పడలేదుగానీ దాదాపు అంత పనీ చేశాను. ఆయన పోస్టాఫీసులో రిటైరైన మనిషి. అప్పట్నుంచీ ఆయనే నా గురువుగారు.

మొదటి పాఠం రోజున నా డిటెక్టర్ ఒకటే మోత. ఎక్కడ పెట్టినా వెండి, వెండి, వెండి. గురువుగారు తవ్వాడు, నేను తవ్వాను, మట్టి తప్ప ఏమీ లేదు. మిషను పాడైందనుకుని ఆయన తల గోక్కున్నాడు. ఇంతకీ అది నా మెట్టెల మోత! పళ్ళెం నా కాలి దగ్గరికొచ్చినప్పుడల్లా బూటు లోపలున్న మెట్టెలు పలుకుతున్నాయి. అవి తీసెయ్యచ్చు కదా అన్నాడాయన. తీయకూడదండీ, మా ఆయన బతికే ఉన్నాడు అన్నాను. ఆయనకేం అర్థమైందో గానీ, పళ్ళేన్ని కాళ్ళకి దూరంగా ఆడించడం నేర్పాడు.

రెండో పాఠం నాకు ఇంకా కష్టమైంది. దొరికినదాన్ని కడగకూడదు, రుద్దకూడదు. రాగి, ఇత్తడి నేలలో ఏళ్ళ తరబడి ఉంటే పైన ఒక పొర కడుతుంది, పచ్చగానో నల్లగానో. ఆ పొరే దాని వయసుకి సాక్షి. ఆ పొరలోనే అది ఎక్కడ పడిందీ, ఏమైందీ తెలుస్తుందట. రుద్దితే రేకు ముక్క మిగులుతుంది. చెప్పడం తేలికే. ఇత్తడి చెంబు మీద మరక కనపడితే చేతులు దురదపెట్టే ఇంట్లో పుట్టినదాన్ని నేను! ఇంగ్లండు రాజు బొమ్మున్న రాగి కాసొకటి దొరికినప్పుడు, దాన్ని ముట్టుకోకుండా ఉండటానికి తలప్రాణం తోకకొచ్చింది. మనల్ని ఏలినవాళ్ళ తాతలు అంతకు ముందే వీళ్ళని ఏలారు కదా, ఆ ముక్కయినా కాస్త తోమి చూద్దామనిపించింది. తోమలేదు. డబ్బాలో పెట్టి మూత బిగించాను.

గురువుగారికి తెలిసిన ఒక పెద్దాయన పొలం ఫిఫ్టీ నంబరు రోడ్డు మీద పడమరగా పోతే, ఇళ్ళు పలచబడి గుర్రాల కంచెలు మొదలయ్యే చోట ఉండేది. రేకుల కప్పున్న చిన్న ఇంట్లో ఆయనొక్కడే. భార్య పోయింది, వయసు ఎనభై దాటింది. కళ్ళలో నడిమి చూపు పోయింది. నేరుగా చూస్తే ఏమీ ఆనదు, తల పక్కకి తిప్పి ఓరగా చూస్తే కొంచెం తెలుస్తుంది. మొదటిసారి నన్నలా చూస్తే, ఈయనకి నేను నచ్చలేదు కాబోలు అనుకుని మొహం మాడ్చుకున్నాను. ఇంటి వెనక వాలులో ఒక రాతి పొగగొట్టం, చుట్టూ గోడలు లేకుండా, నిలబడి ఉండేది. వాళ్ళ వంశంలో మొదట వచ్చినవాళ్ళు ఇంగ్లండు రాజు ఏలుబడిలో కట్టుకున్న ఇంటికి మిగిలింది అదొక్కటే.

ఆ నేలంతా డేటా సెంటర్ కట్టేవాళ్ళకి అమ్మేశాడు. చుట్టుపక్కలవాళ్ళందరూ అమ్మాక ఆయనొక్కడే ఏం చేస్తాడు? థాంక్స్‌గివింగ్ కాగానే ఒహాయోలో కూతురింటికి వెళ్ళిపోవాలి. ఆ తర్వాత బుల్‌డోజర్లు వస్తాయి. మా ఆయన పనిచేసేదీ క్లౌడ్‌లోనే. "మీ సర్వర్లు పెట్టుకోడానికి ఆ ముసలాయన పొలమే దొరికిందా?" అంటే, "నేనా కట్టేది? నేను టికెట్లు క్లోజ్ చేసుకునేవాణ్ణి" అని తప్పించుకునేవాడు.

గురువుగారు నన్ను పరిచయం చేసిన రోజు పెద్దాయన పెట్టిన షరతు ఒక్కటే. మేకులు, గుండీలు, కాసులు ఏం దొరికినా నువ్వే ఉంచుకో. గరిటె దొరికితే మాత్రం నాకు తెచ్చివ్వు.

ఆ గరిటె కథ ఆయన వాళ్ళ నాయనమ్మ దగ్గర విన్నాడు, ఆవిడ వాళ్ళ నాయనమ్మ దగ్గర విందట. ఆ మొదటి ఇల్లు ఒకరోజు తగలబడిపోయింది. ఇంటావిడ ఒక చేత్తో పసిపిల్లని ఎత్తుకుని, ఇంకో చేతిలో వంట చేస్తున్న గరిటె అలాగే పట్టుకుని బయటికి పరిగెత్తింది. పిల్ల దక్కింది. గరిటె ఎక్కడో పడిపోయింది. మిగతావన్నీ బూడిద. ఈ వంశమంతా ఆ పిల్ల నుంచే వచ్చింది. వాళ్ళు చిన్న రైతులేనట, వంటకి ఇంటావిడ తప్ప ఇంకో మనిషి లేదు. కథలో ఆవిడకి పేరు కూడా లేదు, ఎక్కడ పాతిపెట్టారో తెలియదు. కాగితం మీద ఆవిడ లేనే లేదు. పెద్దాయన కూతురేమో ఇదంతా ముసలమ్మల కట్టుకథ అని కొట్టిపారేసేది. "నేలని వాళ్ళకి ఇచ్చేస్తున్నాను, సరే. ఆవిణ్ణి కూడా వదిలేసి వెళ్ళాలా?" అన్నాడాయన నాతో. ఇక ఆ గరిటె ఆయన ఒక్కడి గొడవగా మిగల్లేదు.

ఆ శరత్తులోనే మా అత్తగారు ఆర్నెల్లకి వచ్చింది. ఆవిడది మండపేట, నాది నరసరావుపేట. ఆవిడ మాట మెత్తన, నాది కారం. ఇంట్లో కూర్చుంటే కాళ్ళు పీకుతున్నాయంటే, శనివారాలు నాతో పొలానికి తీసుకెళ్ళేదాన్ని. చీర మీద స్వెటర్, కాళ్ళకి మా అమ్మాయి వదిలేసి వెళ్ళిన స్నీకర్లు. నేను వాలులో తిరుగుతుంటే ఆవిడ వరండాలో పెద్దాయన పక్క కుర్చీలో కూర్చునేది. ఆయన చిక్కుడుకాయలు ముందు పెట్టుకుంటే ఈవిడ కూడా చెయ్యేసేది. ఆయన ఇంగ్లీషులో ఏదో చెప్పేవాడు, ఈవిడ తెలుగులో "అవునండీ, అలాగే ఉంటాది మరి" అనేది. నేను వెళ్ళేసరికి ఇద్దరూ తెగ మాట్లాడేసుకుని ఉండేవారు.

"ఏం చెప్పారత్తయ్యా ఆయన?"

"ఆయన భార్య గురించమ్మా. ఆవిడ కూడా చిక్కుళ్ళు ఇలాగే వొలిచేదంట."

ఆయన చెప్పింది నిజంగా అదేనో కాదో నాకు తెలియదు. గరిటె కథ మాత్రం నేను ఆవిడకి తెలుగులో పూసగుచ్చినట్టు చెప్పాను.

వెతుకులాట సంగతి చెప్పాలంటే, విసుగు. పొగగొట్టం చుట్టూ అంగుళం వదలకుండా తిరిగాను. చేత్తో కొట్టిన చతురస్రపు మేకులు, సీసపు గుండు, పగిలిన బకిల్, ఇవి కాక నిన్నమొన్నటి కోక్ డబ్బాల మూతలు. గురువుగారూ వచ్చి తిరిగాడు. అంతకు ముందెవరో కూడా అక్కడే వెతికి పోయారట. ఓ శనివారం నడుం పట్టేసి ఆ రాళ్ళ మీద కూలబడి నన్ను నేనే తిట్టుకున్నాను. అందరం పొయ్యి దగ్గరే వెతుకుతున్నాం. పొయ్యి దగ్గరుంటే ఆవిడ కాలిపోయేది కదా, బుద్ధి లేదూ మాకు? ఇల్లంటుకుంటే ఆడమనిషి ఎటు పరిగెడుతుంది? చంకలో పిల్ల ఉంది. పొగకి ఎదురు పోదు. నీళ్ళున్న వైపు పోతుంది, పిల్లని దింపి ఓ బకెట్టు పట్టుకోవాలి కదా. వరండాకి వెళ్ళి, మీ వాళ్ళు నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకునేవారు అని పెద్దాయన్ని అడిగాను. వాలు కింద ఒక ఊట ఉండేది, ఇప్పుడు ముళ్ళకంపలు కప్పేశాయి అన్నాడు.

మరుసటి శనివారం ఆ ముళ్ళు నా జాకెట్‌ని చీల్చేశాయి. ఊటకి కొంచెం ఇవతల, రాయి పరిచిన చోట పళ్ళెం పలికింది. గట్టి మోత, నిలకడగా. ముందు నా మెట్టెలేమో అని కాళ్ళు చూసుకున్నాను. కాదు. చిన్న పారతో జాగ్రత్తగా గడ్డి పెళ్ళ లేపి, చేత్తో మట్టి తీస్తుంటే గుండ్రటి అంచు తగిలింది. ఇత్తడి. అరచేతికంటే కాస్త పెద్దది. నిండా చిల్లులు. ఇనప పిడి తుప్పు పట్టి రాలిపోయింది, అతికిన చోట మొండి మాత్రం ఉంది. వెనక వైపంతా పచ్చ కాదు, నలుపు. నేనా మట్టిలో అలా కూర్చుని ఏడ్చేశాను. ఎందుకో అడక్కండి, ఆవిడ నాకేమవుతుందని? కానీ ఏడ్చాను.

ఆ రోజు పెద్దాయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉన్నాడు, ఇంట్లో లేడు. అత్తయ్య చూసి చూడగానే "ఓలమ్మో, ఇది బూందీ గరిటె కదే!" అంది. కార్‌లోంచే గురువుగారికి ఫోటో పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేశాడు. ఆ నలుపు మట్టిది కాకపోవచ్చు, మంటదిలా ఉంది, ముట్టుకోవద్దు, పరీక్ష చేసేవాళ్ళు నాకు తెలుసు, సోమవారం తీసుకెళ్దాం అన్నాడు. మంటదని తేలితే కథకి ఋజువు దొరికినట్టే. నేనాగలేకపోయాను. ఇంటికి రాగానే పెద్దాయనకి ఫోన్ చేసి, దొరికింది, దాని మీద ఆ మంట కూడా ఉందంటున్నారు అని చెప్పేశాను. రేపు మా అమ్మాయి సామాన్లు సర్దడానికి వస్తోంది, ఇప్పుడే ఫోన్ చేసి దానికి చెప్తాను అన్నాడు.

ఈ మాటలన్నీ ఇంగ్లీషులో జరిగాయి, అత్తయ్యకి తెలుగులో చెప్పాలని నాకు తోచలేదు. గరిటెని తడి పేపర్ టవల్‌లో చుట్టి, ఖాళీ పెరుగు డబ్బాలో పెట్టి, వంటింటి గట్టు మీద పెట్టాను. మన ఇళ్ళలో పెరుగు డబ్బాలో ఏముంటుందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు, నిజమే. కానీ మా అత్తయ్య మూత తీసి చూసే మనిషి.

ఆదివారం పొద్దున లేచి కాఫీ కలుపుకుంటున్నాను. కిటికీలోంచి ఎండ గిన్నెల స్టాండు మీద పడుతోంది. మూకుడు, రెండు గ్లాసులు, వాటి పక్కన ధగధగా మెరుస్తున్న ఇత్తడి బూందీ చట్రం బోర్లించి ఉంది. ఈ చట్రం మనదెక్కడిదబ్బా అనుకుంటూ పాలు పోశాను. ఆ తర్వాత సింకు చూశాను. అందులో చారుకి పిసికిన చింతపండు పిప్పి, ఉప్పు.

"అత్తయ్యా! ఏం చేశారిది? దీన్ని ముట్టుకోమని మీకెవరు చెప్పారు?"

ఆవిడ పూజ దగ్గర్నుంచి తడి చేతులతో వచ్చింది. "మసి పట్టేసి ఉందమ్మా. పెద్దాయనకి ఇచ్చేది అలా నల్లగా ఎలా ఇస్తాం? శుభ్రంగా తోమేను. చూడు ఎంత బాగా వొచ్చిందో."

"ఆ మసే కావాలి! ఆ మసి కోసమే ఆయన ఇన్నాళ్ళూ ఎదురుచూశాడు! ఆ ఇల్లు కాలిందనడానికి ఉన్న ఒక్క గుర్తూ మీరు చింతపండేసి కడిగేశారు!"

ఇంత గొంతేసుకుని ఆవిడ మీద నేనెప్పుడూ అరవలేదు. ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఆగిపోయి, మెల్లిగా పోయింది. చేతులు పమిటకి తుడుచుకుని మేడ మీద గదిలోకి వెళ్ళిపోయింది. మా ఆయన నిద్ర మొహంతో దిగొచ్చి, స్టాండు చూసి, నన్ను చూసి, "అమ్మకి తెలీదు కదా" అన్నాడు. "తెలీనప్పుడు ముట్టుకోకూడదు" అన్నాను. గురువుగారికి తోమిన గరిటె ఫోటో పంపాను. చాలాసేపటికి, చాలా శుభ్రంగా ఉంది అని జవాబు పెట్టాడు. పాపం, ఆ పెద్దమనిషి అంతకంటే ఏమంటాడు? నేను ముందు తీసిన ఫోటో ఉంది కదా అన్నాను. అందులో మట్టీ మసీ ఒకలాగే ఉన్నాయి, దాంతో ఎవరినీ ఒప్పించలేం, ఇక పరీక్షకి ఇచ్చేదేం లేదు అన్నాడు.

మధ్యాహ్నం అత్తయ్య భోజనానికి దిగలేదు. నేనూ పిలవలేదు, పంతం. కాసేపటికి వంటింట్లోంచి శనగపిండి వేగుతున్న వాసనొచ్చింది. వెళ్ళి చూద్దును కదా, మూకుడు ముందు నిలబడి తన చట్రంతో బూందీ దూస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దాయన దగ్గిరికి నేనూ వొస్తాను. నేను చేసిన పని నా నోటితో నేనే చెప్పుకుంటాను."

"ఏ భాషలో చెప్తారు?"

"నువ్వున్నావుగా."

సాయంత్రం ఎండ తగ్గకముందే వెళ్ళాం. లడ్డూల డబ్బా ఆవిడ ఒళ్ళో, గరిటె నా బ్యాగ్‌లో. వరండా నిండా అట్టపెట్టెలు. పెద్దాయన కూతురు వచ్చేసి ఉంది. అరవై దగ్గర పడిన మనిషి, చేతిలో టేప్, మొహంలో అలసట. పెట్టెల మీద ఏ పెట్టెలో ఏముందో ఎడమ చేత్తో గబగబా రాస్తోంది. పెద్దాయన లేచి నిలబడ్డాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా చూసేసరికి నాకు ప్రాణం ఉసూరుమంది.

నాన్చడం నాకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గరిటె దొరికింది, దాని మీద నలుపుంది, అది మంటదే అయ్యుండచ్చు, మా అత్తగారు తెలియక తోమేసింది, ఇప్పుడది లేదు.

కూతురు టేప్ కింద పెట్టింది. "నాన్నా, పోనీలే. ఇలాంటి గరిటె ఏ యాంటిక్ షాపులోనైనా దొరుకుతుంది" అంది. కోపంగా కాదు, మెత్తగానే అంది. అదే నాకింకా గుచ్చుకుంది. పెద్దాయన తల వంచుకున్నాడు. నొచ్చుకోలేదని నేననను. చాలా నొచ్చుకున్నాడు. ఆ నలుపు ఎలా ఉండేది అని అడిగాడు. వెనక వైపు, ఒక అంచు నుంచి నడిమి దాకా అని చెప్పాను. ఆయన తలూపాడు.

అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది. "నేను చెప్పేది చెప్పమ్మా, ఏమీ తీసెయ్యకుండా చెప్పు" అంది. ఆయన ముందుకెళ్ళి నిలబడి, ఆయన కేసే చూస్తూ తెలుగులో మాట్లాడింది.

"బాబూ, తెలీక చేసేను. క్షమించాలి మీరు. ఆవిడ వొంట చేస్తా చేస్తా పిల్లనెత్తుకుని పారిపోయింది కదా. ఆ గరిటె తోముకునే తీరిక ఆవిడకి ఆ రోజు దొరకలేదు. తర్వాత గరిటే దొరకలేదు. నల్లగా అలా చూసేసరికి, ఆవిడ చేసుకోలేకపోయిన పని నేను చేసి పెడదాం అనిపించింది. అంతేనండి."

నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో అత్తయ్య కేసి తిరిగి చూశాను. ఈ మాట పొద్దున నాకెందుకు చెప్పలేదు ఈవిడ? నేను చెప్పనిస్తేగా! ఎలాగో పూర్తి చేసి, బ్యాగ్‌లోంచి గరిటె తీసి ఆయన చేతుల్లో పెట్టాను.

పడమటి ఎండ నేరుగా వరండాలోకి పడుతోంది. పెద్దాయన మామూలుగా ఏదిచ్చినా బొటనవేలితో తడిమి చూస్తాడు. ఈసారి తడమలేదు. తల పక్కకి తిప్పి ఓరగా చూశాడు. గరిటెని కాస్త పైకెత్తాడు, కాస్త దించాడు.

"ఇది నాకు కనిపిస్తోంది" అన్నాడు.

అప్పటిదాకా నేను తెచ్చి చూపించిన గుండీలు, మేకులు, రాజుగారి కాసు ఏవీ ఆయనకి కనపడలేదట. మర్యాదకి బాగుందన్నాడట. ఆయన అలా చాలాసేపు గరిటెని ఎండలో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత మా అత్తయ్య వైపు తిరిగాడు. "మా నాయనమ్మ ఈ కథ ఎప్పుడు చెప్పినా మంట దగ్గర్నుంచే మొదలుపెట్టేది. నేనూ అలాగే చెప్పాను. ఆవిడ ఏం వండుతోందో నేనెప్పుడూ అడగలేదు" అన్నాడు. దీంతో ఏం చేస్తారో అడుగు అన్నాడు నాతో.

అత్తయ్య గరిటె తీసుకుని, గాలిలో మూకుడు పెట్టి, బూందీ ఎలా దూస్తారో చూపించింది. ఇక్కడైతే మాంసం ఉడుకుతుంటే పైన తేలే నురగ తీసేవారేమో అని నేను కలిపాను. ఏదైతేనేం, ఆవిడ పొయ్యి ముందు నిలబడింది కదా అంది అత్తయ్య. లడ్డూల డబ్బా తెరిచి ఇద్దరికీ ఇచ్చింది. కూతురు ఎడమ చేత్తో అందుకుంటే అత్తయ్య నన్ను మోచేత్తో పొడిచి, "ఎడం చెయ్యి" అని గొణిగింది. "ఊరుకోండత్తయ్యా, వాళ్ళకి అలాంటివేం ఉండవు" అన్నాను. పెద్దాయన రెండు లడ్డూలు తిన్నాడు. కూతురు గరిటెని ఒక టవల్‌లో చుట్టి పెట్టెలో పెట్టింది. పెట్టె మీద ఏమీ రాయలేదు.

నేను అత్తయ్యకి సారీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి, తోమింది ఆవిడే కదా! మర్నాడు నా డబ్బాలోంచి ఇత్తడి బకిల్ ఒకటి తీసి ఆవిడ ముందు పెట్టి, "ఇదీ తోమండి" అన్నాను. "నాకొద్దమ్మా తల్లీ, నీకో దణ్ణం" అని నవ్వింది. మా మధ్య అంతటితో సర్దుకుంది. మార్చిలో ఆవిడ మండపేట వెళ్ళిపోయింది. అప్పటికి పెద్దాయన ఒహాయో చేరాడు. ఓసారి అటు వెళ్ళినప్పుడు చూశాను, వాలు లేదు, పొగగొట్టం లేదు, ఊట ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. కారు ఆపకుండా వచ్చేశాను.

వేసవి మొదట్లో ఒక శనివారం తెలియని నంబర్ నుంచి వీడియో కాల్. చూస్తే పెద్దాయన కూతురు, సింకు ముందు నిలబడి ఉంది. గరిటె నల్లబడుతోందట. వంటింట్లో కిటికీ దగ్గర తగిలించారట, మెరిస్తేనే నాన్నకి కనపడుతుంది, మీ అత్తగారు ఎలా తోమారు అని అడిగింది. చింతపండన్నాను. తెలుసు, ఇక్కడి ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి కొన్నాను, కానీ ఆ చిల్లుల్లో పోవడం లేదు అంది. ఈ పని నా వల్ల కాదని అత్తయ్యని కూడా కాల్‌లోకి లాగాను. మండపేటలో అప్పటికి పొద్దుపోయింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఫోన్‌కి అడ్డంగా మొహం పెట్టి, "పిప్పితో కాదు, కాస్త ఉప్పేసి వేలితో చిల్లు చిల్లుకీ రుద్దమను, బలం పెట్టి రుద్దమను" అని ఒకటే పురమాయింపులు. నేను మధ్యలో మార్చి చెప్తున్నాను. పెద్దాయన కూతురు రుద్దుతోంది. వెనకాల కుర్చీలో పెద్దాయన తల ఓరగా పెట్టి కూర్చున్నాడు.

రుద్దుతూ రుద్దుతూ కూతురు ఆగింది. గరిటెని ఫోన్‌కి దగ్గరగా పట్టుకుని, "ఇది చూశారా? అంచు ఒక పక్కే అరిగింది. ఎడమ చేత్తో గీకితేనే ఈ పక్క అరుగుతుంది. ఆ మొదటి ఆవిడది కూడా నాలాగే ఎడమ చేతివాటం" అంది. ఎడమ చేత్తోనే దాన్ని పట్టుకుని, గిన్నె అడుగు గీకినట్టు చూపించింది.

అది నిజమో కాదో నాకు తెలియదు. అంతకాలం నేలలో ఉన్న ఇత్తడిని మట్టి ఏ పక్కైనా తినేస్తుంది. గురువుగారైతే నవ్వేసేవాడు. నేను నోరు మూసుకున్నాను, నా జీవితంలో అది అరుదు.

"మీకు తెలుసా?" అంటూ ఆవిడ మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. "మా ఇంట్లో ఒక కథ ఉంది. మా వంశంలో మొదటి ఆవిడ ఒకరోజు వంట చేస్తోంది. చంకలో పిల్ల. ఎడమ చేతిలో ఈ గరిటె."

"ఏంటంటోందమ్మా?" అంది అత్తయ్య మండపేట నుంచి.

"కథ చెప్తోందత్తయ్యా" అన్నాను. వెనక కుర్చీలో పెద్దాయన నవ్వుతున్నాడు. నేను అదే మొదటిసారి వింటున్నట్టు విన్నాను.